పిల్లల అబ్డామినల్ మైగ్రేన్: మూలం మెదడులోనా, పేగులోనా?

పిల్లల నరాల డాక్టర్:
మెదడులోనే అంటాను. అబ్డామినల్ మైగ్రేన్ అంటే పొట్టలో వచ్చే మైగ్రేన్: బొడ్డు చుట్టూ నొప్పి, ఆకలి లేకపోవడం, మొహం పాలిపోవడం, వాంతులు. 2 నుంచి 72 గంటలు ఉండి పోతుంది, మళ్లీ వచ్చేదాకా బిడ్డ హాయిగా ఆడుకుంటుంది. నిద్ర చాలకపోయినా, భోజనం వేళ తప్పినా మొదలవుతుంది. నిద్రనూ ఆకలినీ నడిపేది మెదడులోని హైపోథలామస్ అనే భాగం కదా! స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఇలాంటి 54 మంది పిల్లల్ని ఏళ్ల తర్వాత మళ్లీ చూస్తే (2001), 70 శాతం మందికి మైగ్రేన్ తలనొప్పి ఉంది, లేదా వచ్చి తగ్గింది. పోల్చి చూసిన పిల్లల్లో 20 శాతమే.

జీర్ణకోశ విభాగం:
మైగ్రేన్‌తో చుట్టరికం ఒప్పుకుంటాను మేడమ్. మూలం మెదడే అనడానికి అది చాలదు. ఒంట్లో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనంలో దాదాపు 90 శాతం పేగులోనే తయారవుతుంది. అది పేగునీ మెదడునీ కలిపే వేగస్ నరం కొసల మీది రిసెప్టర్లను (దాన్ని అందుకునే చోట్లను) తడితే వికారం పుడుతుంది. వాంతుల మందు ఆన్‌డాన్‌సెట్రాన్ అడ్డుకునేది వాటినే. వేగస్ పోగుల్లో సుమారు 80 శాతం పేగు నుంచి మెదడుకే కబురు మోస్తాయి. మైగ్రేన్ రాకుండా ఇచ్చే పిజోటిఫెన్ పనిచేసిందిగా అంటారేమో, ఆ ట్రయల్‌లో ఉన్నది 14 మందే. పైగా ఆ మందు సెరటోనిన్‌ని రెండుచోట్లా అడ్డుకుంటుంది.

పిల్లల నరాల డాక్టర్:
మందు సంగతి సరే సార్. బడి పరీక్షల ఆందోళనతో వచ్చే అటాక్ మాటేమిటి? అప్పుడు హైపోథలామస్ వదిలే సీఆర్‌ఎఫ్ అనే ఒత్తిడి హార్మోన్ వల్ల జీర్ణాశయం ఖాళీ అవడం నెమ్మదిస్తుంది, పెద్దపేగు కదలిక పెరుగుతుంది. ఆ ఆజ్ఞ పైనుంచి కిందికే వస్తోంది.

పిల్లల సర్జన్:
మీరిద్దరూ ఆ జబ్బేనని ఖాయం చేసుకుని వాదిస్తున్నారు. వాంతి ఆకుపచ్చగా ఉంటే పేగు మెలిపడిందేమోనని వెంటనే చూడాలి. మగపిల్లల్లో వృషణాలు తప్పకుండా పరీక్షించాలి. అల్ట్రాసౌండ్ నొప్పి ఉన్నప్పుడే తీయించండి: కిడ్నీ నుంచి మూత్రం దిగే నాళం మొదట్లో అడ్డు ఉంటే కిడ్నీ వాపు ఒక్కోసారి అప్పుడే కనబడుతుంది, తగ్గాక తీస్తే నార్మల్ అని వస్తుంది. మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం ఉన్నా ఈ పేరు పెట్టకూడదు.

పిల్లల నరాల డాక్టర్:
పూర్తిగా ఒప్పుకుంటాను. అవన్నీ లేవని తేలాకే మైగ్రేన్ వైద్యం. అటాక్ మొదట్లోనే చీకటి గది, నిద్ర, కిలోకి 15 మి.గ్రా. పారాసిటమాల్. ఆలస్యమైతే మందు జీర్ణాశయంలోనే ఉండిపోతుంది, లేదా వాంతిలో పోతుంది. 20 కిలోల బిడ్డకి 300 మి.గ్రా.: 5 మి.లీ.కి 250 ఉన్న సిరప్ 6 మి.లీ., 120 ఉన్నదైతే 12.5 మి.లీ. సీసా మీద అంకె చూడకుండా పోస్తే మోతాదు సగమో రెట్టింపో అవుతుంది.