అప్‌డేట్: మా ఆయన్ని కోల్డ్‌ప్లేకి తీసుకెళ్లా

మొన్న అడిగా కదా, ఇళయరాజా తప్ప ఇంకేం వినని మా ఆయన్ని కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ షో కోసం అహ్మదాబాద్ దాకా లాక్కెళ్లడం కరెక్టేనా అని, సగం మంది ఒంటరిగా వెళ్లు హాయిగా ఉంటుంది అన్నారు, నేను వినలేదు. జనవరి 26, 2025 షో, నరేంద్ర మోదీ స్టేడియం, లక్ష పైనే జనం. ఎండలో క్యూలో రెండు గంటలు నిలబడ్డాం, ఆయన ఒక్క ముక్క మాట్లాడలా, నాకు లోపల గుబులు.

లోపలికెళ్లేటప్పుడు చేతికి కట్టుకునే ఒక లైట్ల బ్యాండ్ ఇచ్చారు. చీకటి పడి మొదటి పాట మొదలవగానే అందరి చేతి బ్యాండ్లతో స్టేడియం మొత్తం ఒకేసారి ఎర్రగా వెలిగింది, ఈయన స్టేజీ వదిలేసి తన మణికట్టు వైపే చూస్తున్నాడు, "ఇది ఎలా కంట్రోల్ చేస్తున్నారే?" అని నా చెవిలో అరుపు (ఇంజనీర్ కదండీ, ఏం చేస్తాం). తర్వాత స్క్రీన్ మీద బుమ్రా కనపడ్డాడు, కోల్డ్‌ప్లే సింగర్ క్రిస్ మార్టిన్ బుమ్రా కోసం రెండు లైన్లు పాడాడు, ఇంక మావాడు కుర్చీలో కూర్చుంటే ఒట్టు. నేను కాలేజీ రోజుల నుంచి ఎదురుచూసిన పాటకి ఏడుస్తుంటే మాత్రం ఏం అనకుండా కర్చీఫ్ ఇచ్చాడు, అది చాలు నాకు.

బయటికొచ్చేటప్పుడు బ్యాండ్లు తిరిగిచ్చేయాలి, మళ్లీ వాడతారంట. నేను డబ్బాలో వేసేశా, ఈయన మాత్రం ఇంకోసారి వెలుగుతుందేమోనని అక్కడే నిలబడి చూస్తున్నాడు.