లెఫ్ట్ పార్టీలు మార్కెట్‌ను ఒప్పుకుంటే ఓట్లు పెరుగుతాయా?

మాది చిక్కడపల్లి. నాన్న పాత కమ్యూనిస్టు అభిమాని, 2000లో కరెంటు చార్జీల పోరాటం, బషీర్‌బాగ్ కాల్పుల గురించి ఇప్పటికీ ఆవేశంగా చెప్తారు. నేను మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగిని. ప్రైవేటు పెట్టుబడి అనగానే అడ్డం పడితే నా వయసువాళ్లు ఎందుకు ఓటేస్తారని నా వాదన. బ్రిటన్ లేబర్ పార్టీ 1995లో పరిశ్రమలు అందరి ఉమ్మడి ఆస్తిగా ఉండాలన్న మాటను తమ నిబంధనల్లోంచి తీసేసి, 1997లో భారీగా గెలిచింది కదా!

నాన్న వెంటనే బెంగాల్ తీస్తారు. అప్పటి లెఫ్ట్ ముఖ్యమంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య పరిశ్రమలు తెస్తానంటే సింగూరు, నందిగ్రామ్‌లలో భూసేకరణ మీద గొడవలై 2011లో లెఫ్ట్ 34 ఏళ్ల అధికారం పోయిందంటారు. అక్కడ తప్పు మార్కెట్‌దా, భూమి తీసుకున్న తీరుదా? నాకైతే రెండోదే అనిపిస్తుంది, కానీ గట్టిగా వాదించలేకపోతున్నా.

చైనా, వియత్నాం ఉదాహరణలు వద్దండీ, అక్కడ ఓట్ల పోటీ లేదు. ఎన్నికల్లో నెగ్గాల్సిన చోట, కార్మికుల్ని దూరం చేసుకోకుండా మార్కెట్‌ను ఒప్పుకున్న లెఫ్ట్ పార్టీ ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పరూ?