ఈజిప్టు కప్ ఫైనల్ చూసొచ్చిన కాన్నుంచి మా డ్రైవర్ కాకా నాతోని మాట్లాడ్తలేడు, ఎందుకు?

జగిత్యాల_శీను:
అన్నలూ నమస్తే. నేను రియాద్‌ల ఏసీ టెక్నీషియన్ పని చేస్త, వచ్చి ఆరేండ్లాయె. మా గ్యాంగుల ఇద్దరు మిస్రీలు, అంటే ఈజిప్టోళ్లు, ఉన్నరు, ఒకాయన సూపర్‌వైజర్, ఇంకొకాయన డ్రైవర్, ఇద్దరూ యాభై దాటినోళ్లే, ఇద్దరిదీ కైరోనే. పొద్దుగాల బండి తియ్యకముందు డ్రైవర్ కాకా ఫ్లాస్కుల పుదీన ఏసిన నల్ల చాయ్ తెస్తడు, మూడు చిన్న గాజు గ్లాసులు బానెట్ మీద పెట్టి పోస్తడు, ముగ్గురం నిలవడి తాగుతం. ఆరేండ్లల ఇది తప్పిన రోజు నాకైతే యాదికి లేదు.

మొన్న శుక్రవారం, మార్చి 8 రాత్రి, కైరోల పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు అహ్లీకి జమాలెక్‌కి ఈజిప్టు కప్ ఫైనల్ ఇక్కడ్నే అయింది, అల్ అవ్వల్ పార్క్‌ల, రొనాల్డో ఆడే అల్ నస్ర్ వాళ్ల గ్రౌండ్. సూపర్‌వైజర్ దగ్గర ఒక టికెట్ ఎక్కువుంటే నన్ను రమ్మన్నడు. నాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెల్వది, అయినా పోయిన. ఆయన నా మెడల అహ్లీ ఎర్ర కండువా ఏసిండు. డ్రైవర్ కాకా మాతోనే బండిల వచ్చిండు గని లోపలికి పోయినంక తెల్ల జెర్సీల జమాలెక్ వాళ్ల దిక్కు పోయి కూసున్నడు. ఆఖరి దాకా సున్నా సున్నానే, ఇగ ఎక్స్‌ట్రా టైమే అనుకుంటున్నం, అప్పుడు అహ్లీల ఇమామ్ ఆషూర్ అనేటాయన గోల్ కొట్టిండు, ఇంకింత సేపటికి హుస్సేన్ ఎల్ షహాత్ ఇంకోటి. 2-0. పక్కపొంటి ఉన్న ముసలాయన నన్ను ఎత్తుకున్నంత పని చేసిండు, నేను గూడ ఎగిరిన, ఒర్లిన, సంబరం ఆగలే.

వచ్చేటప్పుడు అదే బండి, కాకానే నడుపుతుండు, నా మెడల కండువా అట్లనే ఉంది, తియ్యాలె అని తోచలే. క్యాంప్ దాకా ఒక్క మాట లేదు. శనివారం పొద్దుగాల బానెట్ మీద రెండే గ్లాసులు. మా ఇద్దరికి పోసి ఆయన పోయి బండిల కూసున్నడు. ఇయ్యాల గూడ అంతే. ఇది ఏం పగ అన్నా, ఒక్క ఊరోళ్లే గదా? నేను ఏం చేస్తె మంచిగుంటది?

కోనసీమ_కువైట్:
శీను గారూ, నేను పద్నాలుగేళ్ల నుంచి మిస్రీల మధ్యే ఉన్నానండి, మీ కాకా పరిస్థితి నాకు కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. ముందు ఒక్క విషయం, ఆయన దగ్గరికెళ్లి "ఆటే కదా కాకా" అని మాత్రం అనకండి. కొత్తలో నేనోసారి అలాగే అన్నాను, ఆయన నా మొహం వంక చూసి లేచి వెళ్లిపోయాడు, నెల పట్టింది మళ్లీ మామూలవడానికి.

వాళ్లల్లో కొత్త మనిషి పరిచయమైతే పేరు, ఊరు తర్వాత అడిగేది "అహ్లావీ వా, జమల్కావీ వా" అనేనండి, అంటే నువ్వు అహ్లీ మనిషివా, జమాలెక్ మనిషివా అని. నాన్న ఏదైతే కొడుకూ అదే చాలా ఇళ్లల్లో, ఒక్కోసారి అన్నదమ్ముల్లోనే ఒకడు అటూ ఒకడు ఇటూ. అహ్లీ 1907లో పుట్టింది, బ్రిటిష్ వాళ్ల పెత్తనం నడిచే రోజులు, అహ్లీ అంటే జాతీయం అని అర్థం, అందుకే అది మా జనం క్లబ్బు అంటారు వాళ్లు. జమాలెక్ 1911లో ఒక బెల్జియం లాయరు పెట్టాడు, మొదట్లో పేరు కస్ర్ ఎల్ నీల్, తర్వాత ముఖ్తలత్ అన్నారు అంటే అందరూ కలిసినది అని, తర్వాత రాజు పేరు మీద ఫారూఖ్ అయింది, 1952లో రాజుని దించేశాక జమాలెక్ అయింది. అహ్లీ వాళ్లు ఇప్పటికీ అది రాజుగారి క్లబ్బు అని దెప్పుతారు, జమాలెక్ వాళ్లేమో మాది కళ తెలిసిన ఆట, మీకు కప్పులు లెక్కెట్టుకోవడమే తెలుసు అంటారు.

ఇంకోటండి, మొన్న మీ కాకాకి గుండెల్లో గుచ్చుకుంది ఓటమి ఒక్కటే అయ్యుండదు. మొదటి గోల్ కొట్టిన ఇమామ్ ఆషూర్ ఉన్నాడే, అతను జమాలెక్ కుర్రాడే. 2023 జనవరిలో డెన్మార్క్ క్లబ్బుకి వెళ్లాడు, ఆరు నెలలు తిరక్కుండానే వచ్చి అహ్లీలో చేరాడు. నిన్నటి దాకా భుజాన మోసినోడు ఎర్ర చొక్కా వేసుకుని తమ మీదే గోల్ కొడితే ఎలా ఉంటుందో చూడండి. 2000లో హొస్సామ్ హసన్, ఇబ్రహీమ్ హసన్ అని కవల అన్నదమ్ములు అహ్లీ నుంచి జమాలెక్‌కి వెళ్లిపోతే అటు వాళ్లు కూడా ఇలాగే కుమిలిపోయారు, నా రూమ్మేట్ ఆ పేర్లు ఎత్తితే ఇప్పటికీ అన్నం పళ్లెం పక్కకి జరుపుతాడండి.

నల్లకుంట_లెఫ్ట్‌వింగ్:
పైన కోనసీమ అన్న బాగా చెప్పాడు, కానీ శీను భాయ్ దీన్ని పగ అన్నాడు కదా, దాని గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. గొడవలు నిజమే, ఈ మ్యాచ్‌కి సొంత దేశం రెఫరీలని నమ్మక బయటి దేశాల నుంచి తెప్పించుకున్నది ఎన్నిసార్లో లెక్కలేదు. మన దగ్గర కోల్‌కతా క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ గుర్తొస్తాయి, 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఆ మ్యాచ్‌లోనే 16 మంది పోయారు.

కానీ ఈజిప్టు వాళ్లు అసలు ఏడ్చింది ఈ రెండు క్లబ్బుల మధ్య గొడవలకి కాదు. 2012 ఫిబ్రవరి 1న పోర్ట్ సయీద్‌లో అహ్లీ వేరే టీమ్ అల్ మస్రీతో ఆడింది, మ్యాచ్ అయిపోగానే జనం గ్రౌండ్ మీదికి దూకారు, 70 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది అహ్లీ చూడ్డానికి వెళ్లిన కుర్రాళ్లే, కొందరు డ్రెస్సింగ్ రూమ్‌లో ఆటగాళ్ల కళ్ల ముందే ప్రాణం వదిలారు. తర్వాత మూడేళ్లకి 2015 ఫిబ్రవరి 8న కైరోలో జమాలెక్ మ్యాచ్ గేటు బయట, ఇనుప కంచె వేసిన ఇరుకు దారిలో టియర్ గ్యాస్ వదిలితే తొక్కిసలాటలో 20 మంది దాకా పోయారు. వీళ్లకీ వాళ్లకీ ఇద్దరికీ చావులున్నాయి భాయ్. 2012 తర్వాత ఏళ్ల తరబడి లీగ్ మ్యాచ్‌లకి జనాన్నే రానివ్వలేదు, ఖాళీ కుర్చీల ముందు ఆడారు, తర్వాత కొద్దికొద్దిగా వదిలారు. 2020 నవంబర్ 27న ఈ రెండు టీమ్‌లే ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాయి, అది మళ్లీ కరోనా వల్ల ఖాళీ స్టేడియం. షికబాలా జమాలెక్ తరఫున కొట్టిన గోల్ ఎంత అందంగా ఉంటుందో ఒక్కసారి వెతికి చూడు, చివర్లో 86వ నిమిషంలో అఫ్షా దూరం నుంచి కొట్టి అహ్లీని 2-1తో గెలిపించాడు. అంత పెద్ద మ్యాచ్‌ని గ్రౌండ్‌లో కూర్చుని చూసిన అభిమాని లేడు. అందుకే మీ రియాద్‌లో వాళ్లు అంతలా ఊగిపోయారు, ఆ ముసలాయన నిన్ను ఎత్తుకోబోయాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

జగిత్యాల_శీను:
అన్నా ఇదంత నాకు తెల్వది, చదువుతుంటె మనసు ఎట్లనో అయింది. అక్కడ నా ముందట ఒకాయన చిన్న పోరన్ని భుజం మీద కూసోవెట్టుకుని మ్యాచ్ చూసుడు ఇడిసి పెట్టి పోరని మొఖమే చూస్తుండె, అప్పుడు సమజ్ గాలే. ఒక్క డౌటు, వాళ్ల దేశం కప్పు ఇక్కడెందుకు పెట్టిండ్రు?

మంచిర్యాల_మెస్సీ:
పైసలన్నా. సౌదీ వాళ్లు పెద్ద మ్యాచ్‌లన్నీ ఇక్కడికి తెప్పిచ్చుకుంటున్నరు, స్పెయిన్, ఇటలీ సూపర్ కప్పులు గూడ ఇట్లనే వచ్చినయ్. నాకైతే ఇది నచ్చలే, నిజం చెప్తున్న. కైరోల రోజంత ఆటో నడిపేటోడు, బేకరీల పని చేసేటోడు, వాళ్లది ఆ కప్పు, వాళ్లకు టీవీనే దిక్కాయె. ఇంకోటి ఈ ఫైనల్ 2022-23 సీజన్‌ది, ఆడింది 2024ల. అంతకుముందు వీళ్లిద్దరికే అయిన 2020-21 కప్ ఫైనల్ 2022 జులైల ఆడిండ్రు, అప్పుడు జమాలెక్ 2-1తోని గెలిచింది. కప్పు మీద ఇజ్జత్ ఉంటే గిట్ల చేస్తరా?

కోనసీమ_కువైట్:
మంచిర్యాల తమ్ముడూ, నీ మాట కాదననుగానీ గల్ఫ్‌లో లక్షల మంది మిస్రీలు ఉన్నారు, రెండేళ్లకోసారి ఇంటికెళ్లేవాళ్లు, వాళ్లకీ ఒక్క రాత్రి దొరికింది కదా. శీను గారూ, ఆ 2022 మ్యాచ్ మీకు పనికొస్తుంది, అలాగే 2015, 2016 కప్ ఫైనళ్లు రెండిట్లోనూ అహ్లీని కొట్టింది జమాలెకే, 2-0, 3-1. 2002లో జమాలెక్‌ని 6-1తో కొట్టాం అని అహ్లీ వాళ్లు ఎత్తుతారు, ఆ అంకె మాత్రం మీరు నోట రానివ్వకండి. దగ్గరికెళ్లి "మాలిష్" అనండి, మిస్రీ మాట, పోనీలే బాధపడకు అని. ఆ కండువా తీసి వెళ్లండి.

జగిత్యాల_శీను:
పోయిన అన్నా, ఇప్పుడే వస్తున్న. బండి కాడ ఒక్కడే కూసున్నడు. మాలిష్ కాకా అన్న. కొద్దిసేపు ఏం అనలే. తర్వాత నేను 2015 ఫైనల్ గురించి అడిగితే చూడు, జమాలెక్ బాసిమ్ ముర్సీ రెండు గోల్స్ ఎట్ల కొట్టిండో డ్యాష్‌బోర్డ్ మీద అగ్గిపెట్టె, తాళంచెవి పెట్టి చూపెట్టిండు, గంట సేపు. ఆషూర్ పేరు నేను తియ్యలే, ఆయననే తీసిండు, ఆ పోరడు మా దగ్గరున్నప్పుడు వాని పేరు రాసిన జెర్సీ కొని నా కొడుక్కు పంపిన అన్నడు, అంతే, ఇంకేం అనలే.

దిగేటప్పుడు రేపు చాయ్‌ల చక్కెర తక్కువెయ్యమంటవా అని అడిగిండు. ఎప్పటి లెక్కనే ఎయ్యమన్న.