నాలుగు నెలల పాప రాత్రి గంటన్నరకోసారి లేస్తోంది, మీ పిల్లలు ఎప్పుడు సర్దుకున్నారు?

పటమట పాప అమ్మ · రాత్రి 2:50
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. మొదటి కాన్పు. పాపకి నాలుగు నెలల పది రోజులు. మూడో నెలలో రాత్రి పదింటికి పడుకుంటే మూడింటి దాకా కదిలేది కాదు. ఈ రెండు వారాలుగా గంటన్నరకోసారి లేచి ఏడుస్తోంది. రెండు గుక్కలు తాగి కళ్ళు మూస్తుంది, పక్క మీద వేయగానే మళ్ళీ తెరుస్తుంది. మా అత్తయ్యగారు "నీ పాలు చాలట్లేదు, రాగిజావ మొదలుపెట్టు" అంటున్నారు. బరువు 6 కిలోల 400, డాక్టరుగారు బాగుందన్నారు. మీ పిల్లలు ఎన్నో నెలలో సర్దుకున్నారు? జావ పడితే నిజంగా పడుకుంటారా? ఇంకోటి, నా 26 వారాల సెలవు వచ్చే నెలాఖరుకి అయిపోతుంది. పంపుతో తీసిన పాలు ఈ ఎండల్లో, కరెంటు పోతే, ఎంతసేపు నిలవుంటాయి?

తెనాలి కోడలు · రాత్రి 3:05
పాలు చాలట్లేదన్న మాట నమ్మకండి అక్కా. నాకూ అదే చెప్పి నాలుగో నెలలో డబ్బా పాలు పట్టించారు. వాడు లేవడం మానలేదు, నాకు మాత్రం పాలు తగ్గిపోయాయి. ఇప్పటికి మూడేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఏడుపొస్తుంది. బరువు పెరుగుతోంది కదా, ఒంటేలు సరిగ్గా పోస్తోంది కదా, అంతే చాలు.

గుణదల గేటు · ఉదయం 5:20
మా ఇల్లు రైలు పట్టాల పక్కనే. గూడ్సు బండి వెళ్తుంటే మా బాబు హాయిగా పడుకుంటాడు, నేను స్టీలు గ్లాసు కింద పెడితే లేస్తాడు. ఐదో నెల నిండాక నాలుగైదు గంటలు పడుకుంటున్నాడు. చప్పుడు లేకుండా చేయాలని ఇల్లంతా కాలి మునివేళ్ళ మీద నడవకండి.

బ్రాడీపేట బామ్మ · ఉదయం 5:40
నాకు నలుగురు పిల్లలు, తొమ్మిదిమంది మనవలు. ఒక్కరి దగ్గరా ఈ గొడవ చూడలేదు. ఇరవై ఒకటో రోజు బారసాల చేసి ఉయ్యాల్లో వేస్తే, పాకే దాకా అదే వాళ్ళ మంచం. పాత చీర మడిచి దూలానికి కట్టి నాలుగు ఊపులు ఊపితే తెల్లారేదాకా నిద్రే. ఇప్పటి పిల్లలు చంటిదాన్ని మంచం మీద పడేసి ఫోన్లు చూస్తూ, నిద్రపోవట్లేదంటే ఎలా అమ్మాయ్?

తెనాలి కోడలు · ఉదయం 6:10
బామ్మగారూ, ఆవిడ రాత్రి మూడింటికి పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఒంటిచేత్తో రాసింది. ఫోను చూడటం కాదది. పెద్దవారు, ఇంత మాట అనకూడదు.

కృష్ణలంక నాన్న · ఉదయం 6:35
చీర ఉయ్యాల అనగానే నాకు గుండె ఝల్లుమంటుంది. మా పెద్దదానికి ఐదు నెలలప్పుడు రాత్రి ఒంటిగంటకి ముడి జారింది. కింద బొంత ఉండబట్టి దెబ్బ తగల్లేదు. ఆ ముడి వేసింది నేనే. అప్పటినుంచి మా ఇంట్లో ఉయ్యాల లేదు. చిన్నది గోడవారన పరుపు మీదే పడుకుంటుంది.

మంగళగిరి మగ్గం · ఉదయం 7:15
ముడి జారిందంటే చీర ఏదో చెప్పండి ముందు. పాలిస్టరా? సిల్కా? అవి జారతాయి. మాది మూడు తరాల నేతపని, బట్ట గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఉయ్యాలకి నూలు చీరే కావాలి, నాలుగైదు ఉతుకులు పడి మెత్తబడింది. జరీ అంచు లోపలికి రాకూడదు, పసి చెంపకి గీసుకుంటుంది. చీరని నేరుగా కొక్కేనికి కట్టకూడదు, తాడు వేసి తాడుకి కట్టాలి. ఇవి తెలియకుండా కట్టి ఉయ్యాలని తిడితే ఎట్టా?

కృష్ణలంక నాన్న · ఉదయం 7:30
నూలు చీరేనండీ. మా అమ్మదే. నా బిడ్డ కింద పడితే మీరు జరీ అంచు లెక్కలు చెప్తున్నారు!

రిటైర్డ్ సిస్టర్ · ఉదయం 9:00
నేను 31 ఏళ్ళు పిల్లల వార్డులో పనిచేశాను. ముడి సంగతి పక్కన పెట్టండి. గుడ్డ ఉయ్యాల్లో బిడ్డ వంగి పడుకుంటుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలవని పిల్లలకి ఊపిరి ఇరుకవుతుంది. మనం ఎదురుగా ఉన్నంతసేపు ఊపుకోవచ్చు. రాత్రంతా అందులో వదిలేయడం నేను ఒప్పుకోను. సమతలంగా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పాక, ఆ తర్వాతి ఏళ్ళలో అక్కడ నిద్రలోనే ప్రాణం పోయే పసివాళ్ళు సగానికి తగ్గారు. ఇది చిన్న విషయం కాదు.

బ్రాడీపేట బామ్మ · ఉదయం 9:25
అమెరికాలో ఉయ్యాలలున్నాయా తల్లీ? నా నలుగురూ బంగారంలా ఉన్నారు. రోహిణి కార్తెలో చెంచాడు నీళ్ళు, నాలిక్కి చుక్క తేనె, సందేళ సాంబ్రాణి. ఇవన్నీ ఇప్పుడు తప్పులయ్యాయి కాబోలు.

రిటైర్డ్ సిస్టర్ · ఉదయం 9:50
తేనె తప్పేనండీ. ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఉండే ఒకరకం సూక్ష్మజీవి పసిపేగులో పెరిగి విషం తయారుచేస్తుంది, ఒళ్ళు వాలిపోతుంది. నీళ్ళూ ఆరు నెలల దాకా వద్దు. తల్లిపాలలో నూటికి 88 వంతులు నీళ్ళే. ఎండలు ముదిరితే ఇంకోసారి రొమ్ము పట్టండి, సరిపోతుంది. సాంబ్రాణి పొగ మూసిన గదిలో వేస్తే దగ్గు, పిల్లికూతలు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, వార్డులో చూసి చెప్తున్నాను.

మిర్చి యార్డు రోడ్డు · ఉదయం 10:15
పొగ దాకా ఎందుకు, మా గుంటూరులో సీజను మొదలైతే చాలు. లారీలు దిగుతుంటే గాలి అటునుంచి వీచిన రాత్రి మా పాప తుమ్ముల మీద తుమ్ములు. కిటికీకి తడిగుడ్డ కడుతున్నాం. ఇక్కడ ఎవరైనా ఏసీ వేసి పడుకోబెడుతున్నారా? ఎంతలో పెట్టాలి?

అయోధ్యనగర్ అద్దె ఇల్లు · ఉదయం 11:00
ఉయ్యాల మంచిదా చెడ్డదా అన్న మాట అలా ఉంచండి. మా ఫ్లాట్లో స్లాబుకి కొక్కెమే లేదు. డ్రిల్లు వేస్తే ఓనరుగారు అడ్వాన్సులో కోస్తానన్నారు. చంటిపిల్ల ఉన్న ఇంటికి ఒక కొక్కెం వేసుకోనివ్వరా? బెజవాడలో మీకందరికీ ఇంతేనా?

మంగళగిరి మగ్గం · ఉదయం 11:10
స్టాండు ఉయ్యాల కొనండి. దానికీ నూలు గుడ్డే వేయండి.

కవలల తల్లి, నల్లపాడు · మధ్యాహ్నం 2:30
అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పడం లేదు. పటమట అక్కా, మూడు నెలలప్పుడు పడుకున్న బిడ్డ నాలుగో నెలలో లేవడం మామూలే. రెండు మూడు నెలలకి పగలూ రాత్రీ తేడా ఒంటికి తెలుస్తుంది. నాలుగో నెల ప్రాంతంలో నిద్ర తీరే మారుతుంది. గాఢనిద్ర, కలతనిద్ర విడివిడిగా వస్తాయి. ఒకటి అయ్యి ఇంకొకటి మొదలయ్యే సందులో కళ్ళు తెరుస్తారు. రొమ్ము నోట్లో ఉండగా నిద్రపోయిన పిల్ల, తెరిచి చూస్తే అది లేదు, ఏడుస్తుంది. మా కవలలు ఏడు వారాలు ముందే పుట్టారు. పుట్టిన తేదీ నుంచి లెక్కేసి "ఇంకా పడుకోరేం" అని నన్ను నేను తిట్టుకున్నాను. డాక్టరుగారు నెలలు నిండే తేదీ నుంచి లెక్కపెట్టమన్నాక నా మనసు కుదుటపడింది. 2018లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో కెనడా పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఆరు నెలలకి నూటికి 38 మంది ఏకబిగిన ఆరు గంటలు పడుకోవట్లేదు, ఏడాదికీ 28 మంది అంతే. వాళ్ళ ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు. ఈ కాగితం మా అత్తగారికి చదివి వినిపించాను. అప్పటినుంచి జావ మాట ఎత్తలేదు.

తెనాలి కోడలు · మధ్యాహ్నం 2:50
నాకీ సంగతి మూడేళ్ళ క్రితం ఎవరూ చెప్పలేదు.

బ్రాడీపేట బామ్మ · సాయంత్రం 4:45
పొద్దున నేనన్న మాటకి ఆ అమ్మాయి నొచ్చుకుని ఉంటుంది. ఫోన్ల మాట నేను అనకుండా ఉండాల్సింది. ఉయ్యాల సంగతి మాత్రం వినండి. మేము వదిలేసి నిద్రపోలేదమ్మా. ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని కింద చాప మీద పడుకునేదాన్ని. వాడు కదిలితే వేలికి తెలిసేది, ఒక్కసారి లాగేదాన్ని. ఏళ్ళ తరబడి నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది లేదు. తెల్లారేదాకా పడుకున్నారని రాశాను. నిజానికి వాళ్ళు లేచేవాళ్ళే, నేను తాడు లాగేదాన్ని.

రిటైర్డ్ సిస్టర్ · సాయంత్రం 5:10
ఈ మాట పొద్దునే చెప్పి ఉంటే మీతో నాకు పేచీయే లేదు వదినగారూ. పక్కన మేలుకున్న మనిషి ఉన్న ఉయ్యాల వేరు. రాత్రంతా మోటారు ఊపుతుంటే తలుపేసుకుని పడుకోవడం వేరు.

కృష్ణలంక నాన్న · సాయంత్రం 5:30
నేను మాత్రం మళ్ళీ కట్టను.

పటమట పాప అమ్మ · రాత్రి 9:15
అందరికీ ధన్యవాదాలు. బామ్మగారూ, నొచ్చుకున్న మాట నిజమే, ఇప్పుడు లేదు. జావ ఆరో నెల దాకా వద్దని మా ఆయనే వాళ్ళమ్మగారికి చెప్పారు. పంపు పాల గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. దయచేసి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆఫీసు తారీఖు దగ్గరపడుతోంది, నాకు రాత్రి నిద్ర లేనిది పాప లేవడం కంటే ఈ దిగులుకే ఎక్కువ.

ఆటోనగర్ అకౌంట్స్ · రాత్రి 9:40
నేను చెప్తాను, రెండుసార్లు ఇదే దారిలో వెళ్ళాను. పుస్తకాల్లో రాసే నాలుగు గంటలు 25 డిగ్రీల గదికి. మన వేసవిలో ఆ లెక్క పనికిరాదు, తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు అరలో కాదు, లోపలికి, వెనక్కి. నాలుగు రోజులుంటాయి. కరెంటు పోతే ఫ్రిజ్ తెరవకండి, నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. ఆఫీసులో తీస్తే ఐసు ప్యాకులు పెట్టిన డబ్బాలో ఇంటిదాకా వస్తాయి. వేడి నీళ్ళ గిన్నెలో సీసా ఉంచి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాచకూడదు. బిడ్డ తాగి మిగిల్చినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. సీసా పట్టనంటే ఉగ్గుగిన్నెతో పట్టమనండి, అత్తయ్యగారికి ఆ చేయి బాగా తిరిగి ఉంటుంది. మా ఇంట్లో జావ గొడవ అలాగే సద్దుమణిగింది, పాలు పట్టే పని ఆవిడ చేతికి వచ్చింది కాబట్టి. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ఆఫీసయితే పిల్లల్ని ఉంచే గది ఇవ్వాలని, మీకు 26 వారాల సెలవిచ్చిన చట్టంలోనే ఉంది. అడగండి, అడగకపోతే చెప్పరు.

అయోధ్యనగర్ అద్దె ఇల్లు · రాత్రి 10:05
ఉగ్గుగిన్నె స్టీలుది మంచిదా, వెండిదా? మాకు బారసాలకి రెండూ వచ్చాయి.

బ్రాడీపేట బామ్మ · రాత్రి 10:10
ఏదైనా సరే, ముక్కు దగ్గర పాలు గడ్డకట్టకుండా మరిగే నీళ్ళలో వేసి తియ్యి.

పటమట పాప అమ్మ · రాత్రి 3:35
నిన్న పదిన్నరకి రొమ్ము వదిలాక ఇంకా మెలకువగా ఉండగానే పక్కలో వేసి జోకొట్టాను. రెండు ముప్పావుకి లేచింది. ఇప్పుడే మళ్ళీ పడుకుంది.