ఆటవెలదిలో మూడో పాదం తప్పిందా?

పర్లాకిమిడి దర్జీ:
మాస్టార్లందరికీ నమస్కారం. మహేంద్రతనయ ఒడ్డున టైలరింగ్ షాపు నాది. రేపు ఉగాది సభలో చదవాలని ఆటవెలది కట్టాను.

కొండ కోన నడుమ కొలువున్న మా ఊరు
పొరుగు భాష కూడ పుట్టు భాషె
తల్లి ప్రేమ లాగ తరగని నీరుంది
తేనె మాటలాడు తెలుగు మాది

చొక్కా కొలతలకి వచ్చిన ఒడియా మాస్టారికి వినిపిస్తే వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టారు. 14, 11, 13, 11. "మా జగన్నాథ దాసు భాగవతంలో పాదానికి తొమ్మిదే. నీదేంటయ్యా, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి" అన్నారు. పాదాల చివర ప్రాస కూడా లేదట. ఇది చాలదన్నట్టు, 'ప్రే' ముందున్న 'ల్లి' బరువెక్కి గురువైపోయి గణం, అంటే గురువు (బరువు అక్షరం), లఘువు (తేలిక అక్షరం) వరస, చెడిందని మా అబ్బాయి అంటున్నాడు. ఒకటే టెన్షన్.

బరంపురం రిటైర్డ్ పంతులు:
బాబూ, ఆయన టేపు వేరు, మన టేపు వేరు. అది నవాక్షరి, అక్షరాలే లెక్క. ఆటవెలదిలో గణాలు చూడాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (చిన్నవి), రెండు ఇంద్రగణాలు (వాటికన్నా పెద్దవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. మీ 'పొరుగు' మూడు లఘువులు, 'భాష' గురువూ లఘువూ. రెండూ సూర్యగణాలే కాబట్టి అక్షరాలు పెరుగుతాయి, తగ్గుతాయి. ప్రాస నియమం దీనికి లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదిరే అక్షరం, మాత్రం నాలుగో గణం మొదట పడాలి. కొం-కొ, పొ-పు, త-త, తే-తె. అన్నీ కుదిరాయి.

మీ అబ్బాయి పట్టుకున్న చోటు మాత్రం మంచిది. అసలు 'తల్లి'లో 'త' గురువైందే వెనకాల 'ల్లి' ఉండబట్టి. కానీ తెలుగు మాట తర్వాత వేరే మాట సంయుక్తాక్షరంతో మొదలైతే, ఆ బరువు ముందు మాట మీద పడదు. 'ల్లి' లఘువే. 'మాతృప్రేమ' అని సంస్కృత సమాసం వాడి ఉంటే 'తృ' గురువయ్యేది, అబ్బాయి గెలిచేవాడు.

రాయగడ పద్యాభిమాని:
'మా ఊరు' విసంధి, రెండు అచ్చులు సంధి లేకుండా విడిగా ఉన్నాయి. 'మా యూరు' అనండి, గణం మారదు.

పర్లాకిమిడి దర్జీ:
అయ్యా, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో నిలబడి 'యూరు' అనమంటారా? ఊరుగానే చదువుతాను. 'తృ' సంగతి మావాడికి చూపించాను, గొణుక్కుంటూ కాజాలు కుడుతున్నాడు.