మామయ్యగారికి గుండె వీక్: మైటోకాండ్రియా క్యాప్సూల్ వాడితే మందులు ఆపేయొచ్చా?

రాజోలు కోడలు:
మా మామయ్యగారికి 62 ఏళ్లండి. సంక్రాంతి తర్వాత హార్ట్ ఎటాక్ వచ్చింది, స్టెంట్ వేశారు. ఎకో స్కాన్‌లో ఈఎఫ్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి పంపే రక్తం వంతు) 30 శాతం. కొబ్బరితోట దాకా నడిస్తేనే ఆయాసం. చీటీలో డాపాగ్లిఫ్లోజిన్ 10 ఎంజీ కూడా ఉంది. అది షుగరు బిళ్లంట, ఆయనకు షుగరే లేదు! ఈలోగా తెలిసినాయనొకరు కోక్యూ10 డబ్బా తెచ్చారు. గుండెలో మైటోకాండ్రియా పాడైందని, ఇది శుభ్రం చేస్తుందని, ఇంగ్లీషు మందులు మెల్లగా మానేయొచ్చని చెప్పారు. మామయ్యగారు అటే మొగ్గుతున్నారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్‌గా ఉంది.

భీమవరం ఫార్మసిస్టు:
అమ్మా, డాక్టరుగారిని అడక్కుండా ఒక్క బిళ్ల కూడా ఆపనివ్వకండి. మిగతాది తర్వాత.

మైటోకాండ్రియా సంగతి అబద్ధం కాదు. గుండె కండర కణంలో దాదాపు మూడో వంతు జాగా వాటిదే. కొట్టుకోవడానికి శక్తి అక్కడే తయారవుతుంది. ఒకటి పాడైతే దాని పైపొర మీద పింక్1 అనే ప్రొటీన్ పేరుకుంటుంది. అది పార్కిన్ అనే ఇంకో ప్రొటీన్‌ను రప్పిస్తుంది. పార్కిన్ గుర్తులు వేశాక కణం ఆ పాడైనదాన్ని సంచిలో చుట్టి అరిగించేస్తుంది. దీని పేరు మైటోఫేజీ. మన డెల్టా కాలువలకైతే ఎండాకాలం నీళ్లు కట్టేసి గుర్రపుడెక్క తీస్తారు. గుండెకు ఆ వెసులుబాటు లేదు, పారుతూనే పూడిక తీసుకోవాలి. గుండె దెబ్బతిన్నాక ఈ పని కుంటుపడుతుంది.

అయితే ఈ చెత్త తీయిస్తుందని రుజువై, గుండె వైఫల్యానికి రాసే బిళ్ల ఇంతవరకూ లేదు. కోక్యూ10 శక్తి తయారీలో ఎలక్ట్రాన్లు మోసే పదార్థం. 2014లో వచ్చిన క్యూ-సింబియో ట్రయల్‌లో 420 మంది ఉన్నారు. రెండేళ్లలో పెద్ద గుండె సమస్యలు రోజుకు 300 ఎంజీ కోక్యూ10 వాడినవాళ్లలో 15 శాతం మందికి, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవాళ్లలో 26 శాతం మందికి వచ్చాయి. మంచి ఫలితమే. కానీ రెండు వైపుల వాళ్లూ మామూలు గుండె మందులు వాడుతూనే ఉన్నారు! డబ్బా తెచ్చినాయన ఈ ముక్క చెప్పి ఉండరు.

ఇక ఆ షుగరు బిళ్ల. 2019 నాటి డాపా-హెచ్‌ఎఫ్ ట్రయల్‌లో షుగరు లేనివాళ్లకూ జబ్బు ముదరడం, గుండెజబ్బు మరణాలు తగ్గాయి. ఈ రకం మందులతో మైటోకాండ్రియా మెరుగుపడినట్టు జంతువుల మీద పరిశోధనల్లో కనిపించింది. మామయ్యగారు డబ్బాలో వెతుకుతున్నది బహుశా ఆ చీటీలోనే ఉంది.

రాజమండ్రి సిస్టర్:
కార్డియాలజీ వార్డులో చేస్తానండి. వార్ఫరిన్ వాడేవాళ్లకు కోక్యూ10 దాని పని తగ్గించొచ్చు, అది చూసుకోండి. వాంతులో విరేచనాలో పట్టుకుని తిండి, నీళ్లు సహించకపోతే వెంటనే ఫోన్ చేసి డాపా ఆపాలేమో అడగండి. రోజూ పొద్దున టిఫినుకు ముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే ఒంట్లో నీరు చేరుతున్నట్టే, ఆలస్యం చేయొద్దు. ఆవకాయ, ఉప్పుచేప బాగా తగ్గించాలి. మన వైపు పేషెంట్లు మళ్లీ అడ్మిట్ అయితే నేను మొదట అడిగేది అదే.

రాజోలు కోడలు:
ఆయ్, చాలా థ్యాంక్సండి. వార్ఫరిన్ లేదు. మామయ్యగారికి అంతా చదివి వినిపించాను. మందులు మానను అన్నారు. డబ్బా రివ్యూకి పట్టుకెళ్లి చూపిస్తాం. తోట దాకా నడవనివ్వొచ్చా?

రాజమండ్రి సిస్టర్:
డాక్టరుగారు సరేనంటే నడవాలండి, మైటోకాండ్రియాకు కూడా అది మంచిదే. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు. ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్లు తిరిగినా అక్కడే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. మొదట్లో ఆయన్ని ఒక్కరినీ పంపకండి.