ఎనిమిదీ తెల్లవే ఎందుకు వస్తాయి?

అమలాపురం లెక్చరర్: న్యూరోస్పోరా క్రాసా అనే నారింజ బూజు పాఠంలో పిల్లలు నన్ను నిలదీశారు. సిద్ధబీజాలు పక్వమవడానికి కావలసిన ఏఎస్ఎం-1 జన్యువు తీసేసిన బూజును మామూలు బూజుతో సంకరం చేస్తే ఎనిమిది బీజాల ఒక్కో సంచిలో నాలుగు నల్ల సిద్ధబీజాలు, నాలుగు తెల్లవి రావాలి కదా. కానీ ఎనిమిదీ తెల్లవే, ఒక్కటీ మొలకెత్తదు. నాలుగింటికి మంచి ప్రతి అందినా ఎందుకిలా? కల్చర్లు (పెంచిన బూజు నమూనాలు) ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.

తణుకు చెరకు రైతు: ఆ నారింజ బూజు మా ఇంటి మనిషిలాంటిది. చెరకు చెత్త కాల్చాక మోళ్ల మీద కనబడుతుంది. వేడి తగిలితేనే దాని సిద్ధబీజాలు నిద్ర లేస్తాయి.

మండపేట: చెత్త కాల్చడం గొప్పగా చెబుతున్నారా? పొగకు మా అమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. నేల మీద పరిస్తే తేమ నిలుస్తుంది.

తణుకు చెరకు రైతు: పరిచే కూలి మీరిస్తారా? మా తోటలో ఒక్క రోజు నిలబడి మాట్లాడండి.

కాకినాడ పరిశోధకుడు: పదేళ్లు ఈ బూజుతోనే గడిపాను, నా మాట వినండి. క్షయకరణ విభజనలో, అంటే తల్లిదండ్రుల క్రోమోజోములు జతకట్టి సగమయ్యే విభజనలో, ఒకవైపే ఉండి జత కుదరని జన్యువు నుంచి వచ్చిన ఆర్‌ఎన్ఏను సాడ్-1 అనే ఎంజైము జంటపోగుగా మారుస్తుంది, డైసర్ అనే ఇంకో ఎంజైము దాన్ని చిన్న ముక్కలు చేస్తుంది. వాటి సాయంతో ఎస్ఎంఎస్-2 అనే ప్రోటీన్ ఆ జన్యువు సందేశాలన్నిటినీ వెతికి నాశనం చేస్తుంది. సిద్ధబీజాలకు గోడలు కట్టకముందే, సంచి అంతా ఒకే గది అయినప్పుడే ఇది మొదలవుతుంది. అందుకే మంచి ప్రతి అందినవీ తెల్లబడతాయి.

భీమవరం బయోటెక్: జత లేకపోతే డీఎన్ఏలో మార్పులు వచ్చి జన్యువే పాడవుతుంది. మేము అలాగే చదివాం.

కాకినాడ పరిశోధకుడు: తప్పు! అది రిప్ అనే వేరే పద్ధతి. ఒకే కేంద్రకంలో రెండు ప్రతులుంటే, క్షయకరణానికి ముందే జరుగుతుంది, మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. ఇక్కడ డీఎన్ఏ చెక్కుచెదరదు. తెలియకపోతే అడగండి, తప్పు పాఠం పంచకండి.

భీమవరం బయోటెక్: పదేళ్ల అనుభవం ఉంటే మర్యాద అక్కర్లేదా?

రామచంద్రపురం: దాళ్వా వరిలో అగ్గితెగులు బూజు నా మూడెకరాలు తినేసింది. దాని నోరు ఇలా మూయించవచ్చా?

కాకినాడ పరిశోధకుడు: లేదండీ. పొలంలో అది ప్రధానంగా లైంగిక దశ లేకుండానే పాకుతుంది, క్షయకరణం లేని చోట ఈ పద్ధతి పనిచేయదు.

అమలాపురం లెక్చరర్: గది మాట పిల్లలకు వెంటనే ఎక్కుతుంది, ధన్యవాదాలు. మరి సాడ్-1 జన్యువు ఒక తల్లిదండ్రిలో లేకపోయినా నల్లవి వస్తాయంటారు, రెండోవైపు ఉంది కదా?

కాకినాడ పరిశోధకుడు: అదే అందం! జత లేని సాడ్-1 తన నోరు తానే మూయించుకుంటుంది, ఇక ఏఎస్ఎం-1 నోరు మూయించేది ఉండదు. ఆ సంకరంలో నాలుగు నల్లవి, నాలుగు తెల్లవి మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసిన సాయంత్రం నేను అన్నం మరిచిపోయాను. కల్చర్లకు కాన్సాస్‌లోని ఫంగల్ జెనెటిక్స్ స్టాక్ సెంటర్‌కు రాయండి.

మండపేట: చెత్త సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.